పుంజుల బుట్ట

కగొషిమా
2001 జనవరి 16, మంగళవారం

మామయ్యకు,

డబ్బా అందింది. అరవై కోడిపిల్లలూ హుషారుగా ఉన్నాయి. ఈ ఉత్తరంలో మిగతాదంతా నిన్ననే రాసి పెట్టుకున్నాను. డబ్బా తెచ్చిన నసు గారి వ్యాను తిరిగి వెళ్ళేటప్పుడు ఇచ్చి పంపుతాను. ఫోను చెయ్యొచ్చు కదా అంటుంది అత్తయ్య. ఫోనులో మీరు ‘ఊ’ తప్ప ఇంకో మాట అనరు.

ఇక్కడ సకురాజిమా అగ్నిపర్వతం నాలుగు రోజులుగా బూడిద పోస్తోంది. కిటికీలు తెరవలేం. కోడిపిల్లల వాసన నా జుట్టుకు పట్టేసింది. నిన్న బస్సులో పక్కన కూర్చున్న ముసలావిడ లేచి వేరే సీటులోకి వెళ్ళిపోయింది.

అసలు సంగతి చెబుతాను. మెదడులో ఒక కణం ఇంకో కణానికి కబురు పంపడానికి చిన్న చిన్న పదార్థాలు ఉంటాయి. పెప్టైడ్లు అంటారు. ‘తిను’ అని చెప్పేవి కొన్ని, ‘ఇక చాలు’ అని చెప్పేవి కొన్ని. రెండేళ్ళ కిందట ఎలుకల్లో ‘తిను’ అని చెప్పేది కొత్తగా ఒకటి దొరికింది. దాన్ని ఒక చుక్క తలలోకి ఎక్కిస్తే కడుపు నిండిన ఎలుక కూడా లేచి తింటుంది. అదే కోడిపిల్లకు చేసి చూడమన్నారు మా మునెకాతా ప్రొఫెసరు. మూడు గంటలు పస్తు పెట్టిన పిల్లలకు ఎక్కించాను. అవి మేత ముందు నిలబడి చూస్తూ ఉన్నాయి తప్ప ముట్టలేదు. వట్టి ఉప్పునీరు ఎక్కించిన పిల్లలు మాత్రం టకటకా తినేశాయి.

మూడుసార్లు చేశాను. మూడుసార్లూ అంతే. నేను సీసాలు తారుమారు చేశానని ప్రొఫెసరుకు అనుమానం. నేను అన్నానికి వెళ్ళినప్పుడు నా సీసాల మీద చీటీలు ఒక్కొక్కటీ తీసి చూశారట. మార్చి నెలాఖరులోగా ఇది ఇటో అటో తేలకపోతే ఈ పని వేరే విద్యార్థికి ఇస్తారు. నేను ఏడాదిగా దీని మీదే కూర్చున్నాను.

కోపం తెచ్చుకోకండి. డబ్బా కట్టేముందు అక్కడ ఎవరైనా పిల్లలకు మేత వేస్తున్నారా? పెట్టల్నీ పుంజుల్నీ అన్నీ మీరే చూసి వేరు చేస్తున్నారా, వేరే చెయ్యి ఏదైనా పడుతోందా?

సవాకో

కొబయాషి
జనవరి 22

సవాకోకి,

కొండ కనబడటం లేదు. పొద్దున మంచు పడింది. మీ అత్తయ్య ముల్లంగులు ఇంకా దండేల మీదే ఉన్నాయి, తీయమంటే ఇంకో నాలుగు రోజులు అంటుంది.

వేరే చెయ్యి లేదు. నాతో పాటు కూర్చునే మొరితా మానేసినప్పటి నుంచి ఈ పొదుగుకేంద్రంలో పిల్లల్ని చూసేది నేనొక్కణ్ణే. ఎడమ చేత్తో పట్టి, రెట్ట పిండి, వెనక తిప్పి, దీపం కింద చూసి, పెట్టయితే కుడి బుట్ట, పుంజయితే ఎడమ బుట్ట. నువ్వు తొమ్మిదేళ్ళ పిల్లవి మా ఇంటికి వచ్చిన ఏడాది నా పక్కన స్టూలు మీద కూర్చుని లెక్కపెట్టేదానివి. అప్పుడు గంటకు తొమ్మిదివందలు. ఇప్పుడూ తక్కువేం లేదు. పెట్టపిల్లలు రైతులకు వెళ్తాయి. పుంజుపిల్లలు గుడ్డు పెట్టవు, సాయంత్రానికి ఏమవుతాయో నీకు తెలుసు. అందులోంచే నీకు అరవై తీసి పెడుతున్నాను. ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఏ రైతు కొట్టంలోనూ నా చేతి మీదుగా వెళ్ళిన పుంజు కూయలేదు. సందేహం వచ్చిందంటే అది పుంజుల బుట్టలోకే. అది మా పద్ధతి.

మేత ఎవరూ వేయరు. పుట్టిన పిల్లకు కడుపులో పచ్చసొన ఉంటుంది, రెండు రోజులు దానికి ఏమీ అక్కర్లేదు. ఇది నీకు బడిలో చెప్పలేదా?

నేనొకటి అడుగుతాను. నువ్వు పిల్లని ఒంటరిగా పెడుతున్నావా? ఒంటరి పిల్ల తినదు. అరుస్తుంది, అరిచి అరిచి ఊరుకుంటుంది. పక్కన ఇంకోదాన్ని పెట్టు. అప్పటికీ తినకపోతే కాగితం మీద మేత చల్లి వేలిగోరుతో టక్ టక్ కొట్టు. తల్లి ముక్కుతో పొడిచినట్టు ఉంటుంది దానికి. అప్పుడు కూడా తినకపోతే తప్పు నీ సూదిది, నా పిల్లలది కాదు.

ఇంకో మాట. నీ ఉత్తరం కవరు అంచు ఒకసారి ఊడదీసి మళ్ళీ అంటించినట్టు ఉంది. తెచ్చింది నసు. ఇక్కడ మూడు నెలలుగా పెట్టపిల్లలు తగ్గుతున్నాయి. నాలుగువేలు పొదిగితే రెండువేలు ఉండాలి కదా, పద్ధెనిమిదివందలు వస్తున్నాయి. యజమాని హిదాకా గారు బయటికి అనడం లేదు గానీ ఆయన చూపంతా వ్యాను మీదే ఉంది. నా చూపూ అక్కడే ఉంది. పెట్టపిల్లను కొనే కొట్టాలు దారిలో బోలెడు. ఎబినో మీదుగా వస్తే నీ దగ్గరికి గంటన్నర. ఎనిమిదిన్నరకు బయల్దేరతాడు. వాడు ఎన్నింటికి వస్తున్నాడో రాసి పంపు.

మామయ్య

కగొషిమా
జనవరి 30, మంగళవారం

మామయ్యకు,

మీరు చెప్పినట్టే చేశాను. రెండేసి పిల్లల్ని ఒక బోనులో పెట్టాను. ఉప్పునీటి పిల్లలు ఇంతకుముందుకన్నా బాగా తిన్నాయి, అరుపులు కూడా తగ్గాయి. మునెకాతా గారు, ఇది ఎవరు చెప్పారని అడిగారు. మా మామయ్య అన్నాను. మందు ఎక్కించిన పిల్లలు మాత్రం అలాగే ఉన్నాయి. కాగితం మీద గోరుతో కొట్టాను. పరుగెత్తుకొచ్చాయి. వచ్చి, మేతలో నిలబడి, నా వేలిని చూశాయి. ఒక్కటీ ముక్కు ఆనించలేదు.

నసు గారు ఇవాళ పదకొండూ పదికి వచ్చారు. పోయినవారం పదకొండు దాటాక. అంతకుముందు నేను చూసుకోలేదు. ముందు సీటు మీద మియకొనొజోలో ఉన్న ఏదో దుకాణం సంచి ఉంది. మియకొనొజో ఎబినో దారిలో రాదు కదా. నేను దానివైపు చూస్తుంటే ఆయన తలుపు మూసేశారు. ఆలస్యమైందేం అని అడిగితే దారి బాగా లేదన్నారు. తర్వాత నా చేతిలో కాల్చిన చిలగడదుంప ఒకటి పెట్టి వెళ్ళారు. వెచ్చగానే ఉంది. ఎందుకు పెట్టారో తెలియక దాన్ని తినలేదు.

ప్రొఫెసరు ఇంకో ప్రశ్న వేశారు. ఈ పిల్లలన్నీ పుంజులేనా అని. మా మామయ్య చేతిలో తప్పు జరగదు అన్నాను. ఆయన నవ్వి, మీ మామయ్య మంచివాడే, కోసి చూడు అన్నారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. చుక్క సరైన చోట పడిందో లేదో చూడటానికి చివరికి ఎలాగూ తల కోస్తాం. ఇక పొట్ట కూడా కోయాలి.

మామయ్యా, మీ అక్షరాలు ఇంత పెద్దవయ్యాయేం? రెండో కాగితంలో ఒక వరుస మీద ఇంకో వరుస ఎక్కింది.

సవాకో

కొబయాషి
ఫిబ్రవరి 5

సవాకోకి,

కొత్త పెన్ను. సిరా ఎక్కువ కారుతోంది.

నువ్వు రాసిన పదకొండూ పది, మియకొనొజో సంచి, రెండూ హిదాకా గారికి చెప్పాను. ఆయన నసుని పిలిచి అడిగారు. ఎబినో దారే అన్నాడట. అబద్ధం అక్కడే దొరికింది. ఈ నెలాఖరు దాకా పనిచెయ్యి, ఆ తర్వాత రావద్దు అని చెప్పేశారు. వాడు సరేనన్నాడు. ఎందుకని అడగలేదు, గొడవా చేయలేదు. తప్పు చేయనివాడు అలా ఊరుకుంటాడా? పదహారేళ్ళు నా డబ్బాలు మోశాడు. పండక్కి మా ఇంట్లో సారా తాగాడు. నాకు నోరు చేదుగా ఉంది.

మీ ప్రొఫెసరు నవ్వాడన్నావు. ఆయన బళ్ళో చదివే రోజుల్లోనే నేను బెల్జియంలో మూడేళ్ళు పిల్లల్ని చూశాను. అక్కడివాళ్ళు నా వెనక నిలబడి గడియారం పెట్టి చూసేవాళ్ళు. పరీక్షలో వంద పిల్లల్ని ఇస్తారు, చూశాక వందనీ కోసి సరిచూస్తారు. నాకు ఒక్కటి తప్పింది. అది కూడా నాకు ఇవాళ్టికీ గుర్తే, కుడివైపు నుంచి నాలుగో వరుస. కోసి చూసుకోమను. నా చేతి మీదుగా మూడు కోట్ల పిల్లలు పోయాయి.

ఎలుక మందు కోడికి పనిచేయకపోతే కోడిదా తప్పు? మా ఊళ్ళో ఎవడూ కోడిని పట్టుకుని ఎలుక అనడు.

ముల్లంగులు తీసేశాం. మీ అత్తయ్య ఊరవేసింది. నీకు ఈసారి డబ్బాతో పంపమంటే వద్దన్నాను. వాడి చేతికి ఇంట్లో వస్తువు ఇవ్వను.

మామయ్య

కగొషిమా
ఫిబ్రవరి 10, శనివారం

మామయ్యకు,

ఈ ఉత్తరం పోస్టులో పంపుతున్నాను. నసు గారి చేతికి ఇవ్వలేను. ఎందుకో చదివితే తెలుస్తుంది. మూడుసార్లు రాసి చించేశాను, ఇది నాలుగోది.

ముందు నా పని సంగతి. మునెకాతా గారు గురువారం నాడు చొక్కా చేతులు మడిచి తానే సూది పట్టుకున్నారు. చీటీలు కూడా తానే రాశారు, ఏ సీసాలో ఏముందో నాకు చెప్పలేదు. నేను మేత తూచాను. తినని పిల్లలు తినలేదు. ఆయన చాలాసేపు బోను ముందు చేతులు కట్టుకుని నిలబడి, “ఎలుకకు తిను అని చెప్పేది వీటికి వద్దని చెబుతున్నట్టుంది” అన్నారు. ఇక నా సీసాల జోలికి ఎవరూ రావడం లేదు. అది తేలింది.

తేలనిది ఇంకొకటి ఉంది. కోసి చూశాను. పుంజుకు వెన్నుకు రెండువైపులా బియ్యపు నూకల్లాంటివి రెండుంటాయి. పెట్టకు ఎడమవైపే ఉంటుంది. చూడటం కష్టం కాదు. జనవరి 16న వచ్చిన అరవైలో ఐదు పెట్టలు. 23న వచ్చిన అరవైలో ఆరు. 30న వచ్చిన అరవైలో ఆరు. మొదట, దారిలో నసు గారే మార్చారనుకున్నాను. తర్వాత ఆలోచించాను. పెట్టపిల్లల్ని దొంగిలించేవాడు పెట్టల్ని తెచ్చి పుంజుల డబ్బాలో ఎందుకు వేస్తాడు?

ఆ తర్వాత మీ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. సందేహం వస్తే పుంజుల బుట్టలోకే అని రాశారు. పుంజుల బుట్టని అక్కడ ఎవరూ లెక్కపెట్టరు. సాయంత్రానికి అది ఉండదు. మీరు నాకు పంపే అరవై తప్ప ఆ బుట్టలో పిల్లల్ని ఎవరూ కోసి చూడరు. కాగితం మీద లెక్క వేశాను. పుంజుల బుట్టలో పదింట ఒకటి పెట్ట అయితే, నాలుగువేలకి రెండువందలు దగ్గర దగ్గరగా తగ్గుతాయి. మీకు తగ్గుతున్నవి సరిగ్గా అన్నే.

మామయ్యా, ఈ మధ్య మీకు సందేహం వచ్చేవి ఎన్ని?

మంగళవారం నసు గారిని నిలబెట్టి అడిగాను. ఆ సంచిలో ఏముందని అడిగాను. చూపించారు. అందులో మెత్తటి గంజి, చెంచా, మూతి తుడిచే గుడ్డ ఉన్నాయి. వాళ్ళమ్మ నవంబరు నుంచి మియకొనొజోలో ముసలివాళ్ళని చూసుకునే చోట ఉందట. వేరేవాళ్ళు పెడితే నోరు తెరవదట. గిన్నె అంచు మీద చెంచాతో రెండుసార్లు కొడితే, ఈయన్ని చూసి తెరుస్తుందట. మంగళవారం ఒక్కరోజే ఆయనకు ఆ వైపు వచ్చే వీలుంది. పని వేళలో దారి మళ్ళించాను కాబట్టి తప్పు నాదే, అందుకే ఊరుకున్నాను అన్నారు. పెట్టపిల్లల గురించి తన మీద అనుమానం ఉందన్న సంగతే ఆయనకు తెలియదు. దారి మళ్ళించినందుకే తీసేశారనుకుంటున్నారు.

పదకొండూ పది అని రాసింది నేను. అందుకని ఇదీ నేనే రాయాలి. నెలాఖరుకి ఇంకా పద్ధెనిమిది రోజులున్నాయి.

సవాకో

కొబయాషి
ఫిబ్రవరి 12

సవాకోకి,

ఉత్తరం అందింది.

నీకు వాడు గంజి గిన్నె చూపించాడు, నువ్వు నమ్మావు. పెట్టల్ని ఏరి పుంజుల్లో ఎందుకు వేస్తాడని అడిగావు. నా పేరు చెడగొట్టడానికి వేస్తాడు. అది నీకు తట్టలేదు. ఒక్క పూట సూది పట్టుకున్న నీ ప్రొఫెసరు కోడి గురించి చెబితే వింటావు. ముప్ఫై ఎనిమిదేళ్ళు దీపం కింద కూర్చున్నవాణ్ణి, నా మాట పనికిరాదు.

రేపటి డబ్బాలో అరవై ఉంటాయి. లెక్కపెట్టుకో. ఆ తర్వాత కావాలంటే వేరేచోట చూసుకోండి.

మామయ్య

కగొషిమా
ఫిబ్రవరి 15, గురువారం

మామయ్యకు,

డబ్బా అందింది. ఈసారి మూత మీద మీరు అడ్డంగా నాలుగు చుట్లు తాడు కట్టి, ముడి మీద ముద్ర వేసి పంపారు. నసు గారు దాన్ని రెండు చేతులతో పట్టుకుని తెచ్చి, “ఏం పంపారమ్మా, బంగారమా?” అన్నారు. ముద్ర చెక్కుచెదరలేదు. ఆయన ఎదుటే తాడు కోశాను.

ఈ అరవైని వారం పెంచకుండా ఇవాళే కోశాను. ఏడు పెట్టలు.

నేను ఇంకేమీ రాయను. దీని అర్థం మీకు తెలుసు, విడమరిచి చెప్పను. హిదాకా గారికి నేను ఉత్తరం రాయలేదు, రాయను. అది నేను చేసే పని కాదు.

ఒక్క సంగతి మాత్రం మీకు తెలియాలి. పెట్టల్నీ పుంజుల్నీ వేరువేరుగా లెక్క వేసి చూశాం. వేటికి ఎక్కించినా ఒకటే, రెండూ తినలేదు. మీ బుట్టలో పెట్టలు ఉండటం వల్ల నా పని పాడవలేదు. నిజానికి రెండు రకాలకూ ఇదే జరుగుతుందని చెప్పడానికి వీలైంది. ఇది మిమ్మల్ని ఓదార్చడానికి రాయడం లేదు.

సవాకో

కొబయాషి
ఫిబ్రవరి 25, ఆదివారం

సవాకోకి,

ఇవాళ కొండ కనబడుతోందని మీ అత్తయ్య అంటోంది. నాకు అక్కడ ఏదో తెల్లగా ఉందని మాత్రం తెలుస్తోంది.

పోయిన సోమవారం పని అయ్యాక హిదాకా గారు వెళ్ళేదాకా ఆగాను. పుంజుల బుట్టలోంచి కళ్ళు మూసుకుని వంద తీశాను. షెడ్డు వెనక గట్టు మీద మీ అత్తయ్యని కూర్చోబెట్టాను. నేను కోశాను, ఆమె చూసి చెప్పింది. కోయడానికి చెయ్యి చాలు. ఎడమవైపే ఉందంటే ఒక గులకరాయి పక్కన పెట్టమన్నాను. పది రాళ్ళయ్యాయి. మీ అత్తయ్య ఇంకోసారి లెక్కపెట్టబోతే వద్దన్నాను.

నీకు కొన్ని చెప్పాలి. నీ అక్షరాలు చిన్నవి. గత వేసవి నుంచీ నీ ఉత్తరాలు మీ అత్తయ్యే చదివి వినిపిస్తోంది. నాకు ఇచ్చేముందు తానే విప్పి చూసుకుంటుంది, చెడ్డ కబురు ఉంటే ఎలా చదవాలో ముందే అనుకోవడానికట. ఆ కవరు ఊడదీసి అంటించింది ఆమే. నేను నసు అన్నప్పుడు పక్కనే నిలబడి ఉంది. నోరు విప్పలేదు. ఇప్పుడు అడిగితే, చెబితే మీ కళ్ళ సంగతి కూడా చెప్పాల్సి వచ్చేది కదా అని నాతో అంది.

కళ్ళ సంగతి నాకు తెలియదని కాదు. ఎడమ కంటికి ముందు పొగ పట్టింది. తర్వాత కుడి. దీపం మార్చాను, ఇంకా పెద్దది వేశాను. వెయ్యిలో పది సందేహం వచ్చేవి, ఇరవై అయ్యాయి, యాభై అయ్యాయి, వంద అయ్యాయి. అనుమానం ఉన్నదాన్ని ఎడమ బుట్టలో వేస్తే ఏ రైతూ తిట్టడు, నా పేరూ చెడదు. రెండువందలు తగ్గాయంటే అవి ఎక్కడున్నాయో నా చెయ్యికి తెలుసు. తల మాత్రం వ్యాను వైపు చూసింది. అలా చూడటం తేలిక.

మంగళవారం పొద్దున నసు డబ్బాలు ఎక్కిస్తుండగా హిదాకా గారిని అక్కడికే పిలిచాను. ఇద్దరి ఎదుటా చెప్పాను. పెట్టపిల్లల్ని దొంగిలించింది వ్యాను కాదు, నా కళ్ళు అన్నాను. వందలో పది అని కూడా చెప్పాను. హిదాకా గారు, మీరు నాలుగు నెలల కిందట చెప్పి ఉంటే అని మొదలుపెట్టి ఆపేశారు. నసు అయితే, అనుమానం దొంగతనం గురించని అప్పుడే మొదటిసారి విన్నాడు. చేతిలో ఉన్న డబ్బా కింద పెట్టాడు.

“పదహారేళ్ళు, పెద్దాయనా” అన్నాడు.

వాడు డబ్బా ఎక్కించి వెళ్ళిపోయాడు. శుక్రవారం దాకా నా వైపు చూడలేదు. శుక్రవారం సాయంత్రం ఇంటికి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. పని మానేస్తున్నట్టు కాగితం రాసి వారంగా జేబులో పెట్టుకు తిరుగుతున్నాను, హిదాకా గారు ఉండమంటున్నారు, ఇప్పుడు దీన్నేం చేయను అని అడిగాడు. చేపలు చుట్టుకో అంది మీ అత్తయ్య. వాడు నవ్వాడు, ఆమెతో మాత్రమే. నాతో మామూలుగా ఉండటానికి వాడికి కొన్నాళ్ళు పడుతుంది. పట్టనీ.

రేపటి నుంచి దీపం కింద వేరే మనిషి కూర్చుంటుంది. మియకొనొజో నుంచి వస్తోంది, నలభై ఉంటాయి. నిన్న ఒక గంట చేసి చూపించింది. నాకు ఆమె చేతులు కనబడలేదు గానీ బుట్టలో పిల్లలు పడే చప్పుడు విన్నాను. సమానంగా ఉంది. సందేహం వస్తే ఏం చేస్తావు అని అడిగాను. మళ్ళీ తిప్పి చూస్తాను అంది. ఇక నీకు వచ్చే డబ్బాలో అరవైకి అరవై పుంజులే ఉంటాయి. నీకు పెట్టలు కూడా కావాలంటే అడిగి తీసుకో.

కగొషిమాలో కళ్ళ ఆసుపత్రిలో బుధవారానికి పేరు రాయించింది మీ అత్తయ్య. బస్సులో వెళ్దామంది. వద్దు, మంగళవారం వ్యాను ఉందన్నాను. నసుని అడిగాను. ముందు సీటులో సంచి ఉంటుంది, ఒళ్ళో పెట్టుకోవాలి, ఒలికిందంటే ఊరుకోను అన్నాడు. మియకొనొజోలో నేను వ్యానులోనే కూర్చుంటాను. లోపలికి రమ్మంటే వెళ్తాను.

ఊరగాయ తెస్తున్నాను, ఈ ఉత్తరం మాత్రం ఇవాళే పోస్టులో వేయిస్తున్నాను. మేం మంగళవారం పదకొండూ పదికి వస్తాం. రాసి పెట్టుకో.

మామయ్య